తాతయ్య పెట్టెలోని ‘ఎలుగుబంటి’ – ఈజిప్టుదేనా?

చీమకుర్తి చినుకు
అందరికీ నమస్కారం. నేను చదివి వెళ్లిపోయే బాపతే గానీ రాసేదాన్ని కాదు. ఇవాళ తప్పలేదు.

ఊళ్లో అమ్మమ్మగారి పాత ఇల్లు పడగొట్టిస్తున్నాం. అటక మీద తాతయ్య ట్రంకుపెట్టె దొరికింది. ఆయన సైన్యంలో దారులు, వంతెనలు కట్టే ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో చేరి రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈజిప్టు వెళ్లొచ్చారు. పెట్టెలో బెల్టు బకిలు, కైరో స్టూడియోలో తీయించుకున్న ఫోటో, పాత గుడ్డముక్కలో చుట్టిన నల్లతాడు ఉన్నాయి. ఆ తాడుకి రెండు దిష్టిపూసలు, వాటి మధ్య ఓ చిన్న బొమ్మ.

స్కేలు పెట్టి చూస్తే 3 సెంటీమీటర్లకి కాస్త తక్కువ. రంగు చెప్పాలంటే, తోమకుండా వదిలేసిన రాగిచెంబుకి చిలుము పడితే వస్తుందే, అది. రెండు కాళ్ల మీద నిలబడ్డ జంతువు. పొట్ట బాగా ముందుకొచ్చింది, మూతి పొడుగు, వీపు మీద గీతలు గీతలుగా ఉంది. తల వెనక తాడు దూరే బెజ్జం.

అమ్మ చూడగానే “అయ్యో, ఎలుగుబంటి! ఇది ఇక్కడుందా!” అంది. ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ అమ్మమ్మ దీన్ని మొలతాడుకి కట్టేదట. ఎలుగుబంటిని ఆడించేవాళ్లు ఊళ్లోకొస్తే దాని వెంట్రుకలు తాయెత్తులో పెట్టించి కట్టేవారు కదా, పిల్లలు జడుసుకోకుండా. మొత్తం ఎలుగుబంటే ఇంట్లో ఉంటే వెంట్రుకలెందుకని అమ్మమ్మ లెక్క. అమ్మ, ఇద్దరు మామయ్యలు, ఆఖరికి నేనూ దాన్ని కట్టుకుని పెరిగినవాళ్లమే.

ఫోటోలు పెడుతున్నాను. ఈజిప్టుదేనా? దేంతో చేశారు? ఈజిప్టులో ఎలుగుబంట్లు ఉండేవా?

ఎదురు ప్రశ్న
కాస్త చన్నీళ్లు చల్లక తప్పదు, ఏమనుకోకండి. యుద్ధం రోజుల్లో కైరో నిండా సైనికులే. సెలవు దొరికితే పిరమిడ్లు చూడ్డం, బజార్లో ఏదో ఒకటి కొనడం. పాతవాటికి నకళ్లు చేసి అమ్మే వ్యాపారం అక్కడ అంతకు వందేళ్ల ముందునుంచే ఉంది. నూటికి తొంభై పాళ్లు ఇది ఆ సరుకే అని నా అనుమానం.

హడ్సన్ ఒడ్డున
చినుకు గారూ, మీ అమ్మమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి, ఉంటే. అది ఎలుగుబంటి కాదండీ, నీటిగుర్రం. మామూలు నీటిగుర్రం కూడా కాదు. రెండో ఫోటో పెద్దది చేసి చూడండి: తల నీటిగుర్రానిది, కాళ్లూ చేతులూ సింహానివి, వీపు మీద మీరు చెప్పిన గీతలు మొసలి తోకవి. పొట్ట నిండు చూలాలిది.

ఆవిడ పేరు తావెరెత్. ‘మహాదేవి’ లాంటి అర్థం, అక్షరాలా చెప్పాలంటే ‘పెద్దావిడ’. కడుపుతో ఉన్నవాళ్లనీ, పురిటి బిడ్డలనీ కాపాడే దేవత. మీ అమ్మమ్మగారు జంతువుని పొరపాటు పడ్డారేమో గానీ, కట్టాల్సిన చోటే కట్టారు.

చీమకుర్తి చినుకు
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అమ్మకి వినిపించాను. “నీటిగుర్రమైతే ఏం, పని చేసిందిగా” అంది.

అమ్మమ్మ పోయి పన్నెండేళ్లు అయిందండీ.

లోయర్ బెర్త్
పదవీ విరమణ అయ్యాక ఈజిప్టు రెండుసార్లు తిరిగొచ్చినవాణ్ణి కాబట్టి నాలుగు ముక్కలు.

తావెరెత్‌కి పెద్ద గుళ్లలో కంటే ఇళ్లలోనే చలామణీ ఎక్కువ. లక్సర్‌కి నైలు అవతలి ఒడ్డున దెయిర్ ఎల్-మెదీనా అని ఊరుంది, రాజుల సమాధులు తొలిచిన పనివాళ్లు కాపురమున్న ఊరు. అక్కడ ఇంటింటి దేవతల్లో ఈవిడొకరు. మన పల్లెల్లో శివాలయం ఓ పక్కన ఉన్నా, పిల్లాడికి జ్వరమొస్తే పోలేరమ్మ దగ్గరికి పరిగెత్తడం లేదూ?

ఇంకో సంగతి. అఖెనాతెన్ అనే ఫరో ఉన్నాడు, క్రీ.పూ. 14వ శతాబ్దం. పాత దేవుళ్లని పక్కకి నెట్టి, సూర్యబింబం అతెన్ ఒక్కటే దైవమన్నాడు. అమర్నాలో కొత్త రాజధాని కట్టాడు. ఆ ఊరి ఇళ్లు తవ్వితే తావెరెత్ తాయెత్తులు, ఆవిడకి జోడీగా తిరిగే మరుగుజ్జు దేవుడు బెస్ తాయెత్తులు దొరికాయి. రాజుగారి మతం రాజుగారిది, పురిటిమంచం దగ్గర ఆడవాళ్ల మతం వాళ్లది.

బెర్లిన్‌లో ఒక పపైరస్ (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) ఉంది, తల్లీబిడ్డల రక్షకి చదివే మంత్రాలు దాంట్లో ఉన్నాయి. మంత్రం ఒక్కటే కాదు, పూసలు గుచ్చి, ముడులేసి, బిడ్డ మెడలో కట్టమని పద్ధతి కూడా రాసిపెట్టారు. అంటే మంత్రించి తాడు కట్టడం. మూడున్నర వేల ఏళ్ల కిందటి మాట.

కరీంనగరోడు
ఏందన్నా, మగ నీటిగుర్రం మనుషుల్ని సంపుతది గద? ఆఫ్రికాల దాన్ని చూస్తే మొసలి గూడ పక్కకు జరుగుతదంటరు. గసొంటిదాన్ని పోరగాళ్ల మొలకు ఎట్ల కట్టిండ్రు?

హడ్సన్ ఒడ్డున
అందుకే కట్టారు తమ్ముడూ. పిల్లల జోలికొస్తే ఆడ నీటిగుర్రం ఊరుకోదు. ఆ కోపం మన బిడ్డకి కాపలా ఉండాలని. మగదాన్ని మాత్రం అల్లకల్లోలానికి గుర్తుగా చూసేవారు, సేత్ దేవుడితో ముడిపెట్టారు, రాజు దాన్ని బల్లెంతో పొడుస్తున్నట్టు గోడల మీద చెక్కారు.

ఇక్కడ న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒకడున్నాడు, పేరు విలియం. 20 సెంటీమీటర్ల నీలం నీటిగుర్రం, ఒంటి మీద తామరపూలు గీసి ఉంటాయి. మెయిర్ అనే చోట సెన్బి అనే అధికారి సమాధిలో దొరికాడు, 12వ రాజవంశం నాటివాడు, అంటే సుమారు 3,900 ఏళ్లు. 1917లో మ్యూజియానికి చేరాడు. మ్యూజియం దుకాణంలో వీడి బొమ్మ లేని వస్తువు ఉండదు. మా అమ్మాయికి వీడంటే ప్రాణం. కానీ కాళ్లు చూడండి: నాలుగింట్లో మూడు తర్వాత అతికించినవి. సమాధిలో పెట్టేటప్పుడే విరిచేశారు, పరలోకంలో లేచి యజమాని మీద పడకుండా. ముద్దొచ్చే బొమ్మే, భయపడి కాళ్లు విరిచి పెట్టారు. ఈ మాట అమ్మాయికి ఇంకా చెప్పలేదు.

సారె
ఆలస్యంగా చూశాను. మట్టిపని నా బతుకుతెరువు, కాబట్టి దేంతో చేశారన్న రెండో ప్రశ్నకి నేను జవాబు చెబుతా. ఓపిక పట్టండి, పెద్దదవుతుంది.

దీన్ని ఫయాన్స్ అంటారు. పేరు పొరపాటున అంటుకుంది. ఇటలీలో ఫయెంజా అనే ఊరి రంగురంగుల పింగాణీ ఐరోపాలో పేరుపొందింది. ఈజిప్టు బొమ్మల మెరుపు చూసినవాళ్లు ఇదీ అలాంటిదేనని ఆ పేరు పెట్టేశారు. నిజానికి ఇందులో బంకమట్టి లేదు. పలుగురాయిని దంచి పొడి చేస్తారు, లేదా ఇసుక. నూటికి 92 పాళ్ల పైనే సిలికా. దానికి కాస్త సున్నం, కాస్త సోడాఉప్పు. సోడా కోసం ఎండిన ఉప్పుచెరువుల్లో దొరికే నాట్రాన్ గానీ మొక్కల బూడిద గానీ వాడేవారు. రంగుకి రాగి.

బంకమట్టి లేకపోతే ఏమవుతుందో చేసినవాళ్లకే తెలుస్తుంది. నేను ఒక వర్క్‌షాప్‌లో వారం రోజులు దీనితో కుస్తీ పట్టాను. చపాతీ పిండిలా సాగదు. తడిపిన ఇడ్లీరవ్వని పిసికి బొమ్మ చేయబోయినట్టు ఉంటుంది. ముద్దగా ఉన్నప్పుడు గట్టిగా కనిపిస్తుంది, వేలు పెట్టి నొక్కగానే జారిపోతుంది, ఇంకాస్త నొక్కితే పగిలిపోతుంది. సారె మీద పెట్టే ముచ్చటే లేదు. అందుకే చిన్నచిన్నవి అచ్చుల్లో వేసేవారు. అమర్నాలో పెట్రీ అనే బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు 1891-92లో తవ్వినప్పుడు కాల్చిన మట్టి అచ్చులు వేల సంఖ్యలో బయటపడ్డాయి. మన కజ్జికాయల చెక్కలాంటి రెండు పలకల అచ్చు కాదు, ఒకవైపు తెరిచి ఉండేది. అందుకే చాలా తాయెత్తులకి వెనకవైపు చదునుగా ఉంటుంది. అన్నివైపులా రూపం ఉండేవాటికి పనితనం ఎక్కువ. చినుకు గారి బొమ్మకి వీపు మీద కూడా గీతలున్నాయంటే తేలిక పని కాదు.

ఇక మెరుపు. ఇక్కడే అసలు మజా. గోడకి చౌడు పట్టడం చూశారు కదా? తడి ఆరేకొద్దీ లోపలి ఉప్పు పైకొచ్చి తెల్లగా పొంగుతుంది. ఇంటివాళ్లకి అది తలనొప్పి. ఈజిప్టువాడు దాన్నే పనిలో పెట్టుకున్నాడు. ముద్దలోనే ఉప్పు, రాగి కలిపేస్తాడు. బొమ్మ ఆరుతుంటే ఉప్పు రాగిని వెంటబెట్టుకుని పైకొచ్చి పొరలా కడుతుంది. 800 నుంచి 1,000 డిగ్రీల మధ్య కాలిస్తే ఆ చౌడే కరిగి నీలిగాజు అవుతుంది. పైన పూత వేసే పనే లేదు, తన పూత తనే వేసుకుంటుంది. ఆరుతున్నప్పుడు బొమ్మని చేత్తో పట్టుకున్నారో, వేలు తగిలిన చోట చౌడు రాలిపోయి మచ్చ మిగులుతుంది. నా వారం రోజుల కష్టంలో సగం మచ్చలే.

ఇంకో రెండు పద్ధతులున్నాయి. ఒకటి మామూలుగా పూత పూయడం. రెండోదాంట్లో బొమ్మని ఒక పొడిలో కప్పెట్టి కాలుస్తారు, పొడి మాత్రం అంటుకోదు, బొమ్మకే గాజు పడుతుంది. ఇరాన్‌లో కొమ్ అనే ఊళ్లో గాడిదల మెడలో కట్టే నీలం పూసల్ని 1960ల్లో కూడా ఇలాగే చేస్తుంటే పరిశోధకులు కళ్లారా చూసి రాశారు. గమనించండి, గాడిదలకి నీలంపూసలు. అదీ దిష్టికే.

పాత లెక్చరర్
సారె అమ్మాయి చాలా చక్కగా చెప్పింది. ఒక చిన్న జోడింపు.

చినుకు గారు మొదటి పోస్టులోనే “రాగిచెంబుకి చిలుము” అన్నారు. అది పోలిక కాదండీ, రసాయనశాస్త్రం. చిలుములో ఉన్న రాగే ఈ రంగుకీ కారణం. అచ్చమైన రాగి ఖనిజమే కాదు, కంచు రజను కూడా వేసేవారు. కొన్ని బొమ్మల రంగులో తగరం జాడ దొరకడానికి కారణం అదే. 18వ రాజవంశం (అఖెనాతెన్‌ది) నాటికి కోబాల్టుతో ముదురు నీలం వచ్చింది, పడమటి ఎడారి ఒయాసిస్సుల పటికరాళ్లలోంచి తీశారు. మాంగనీసుతో నలుపు, ఊదా. సీసం, ఆంటిమొనీలతో పసుపు.

వాళ్ల భాషలో దీని పేరు ‘చెహ్‌నెత్’. మెరిసేది, తళుక్కుమనేది అని అర్థం. పేరులోనే మట్టి లేదు, రాయి లేదు, వెలుగుంది. ఆకుపచ్చకి వాళ్ల మాట ‘వాజ్’, అదే మాటకి పచ్చగా ఉండటం, చిగురించడం అనే అర్థాలూ ఉన్నాయి. మనం “నీ కడుపు చల్లగా, నీ ఇల్లు పచ్చగా” అనమూ? ఎడారి పక్కన కూర్చున్నవాడికి పచ్చదనం విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

కరీంనగరోడు
సారూ, గంటే గిది పేదోళ్ల సొమ్మా? ఫిరోజా, లాజవర్ద్ అసొంటి నీలిరాళ్లు కొనలేనోడు గిది కట్టుకునెటోడా?

పాత లెక్చరర్
సగం నిజం. లాజవర్దం అఫ్ఘానిస్థాన్‌లోని బదఖ్షాన్ నుంచి రావాలి, ఫిరోజా సినాయి కొండల్లో తవ్వాలి. పలుగురాయి, ఇసుక, బూడిద కాళ్ల దగ్గరే ఉంటాయి. కనుక అచ్చు తాయెత్తులు చవగ్గానే దొరికి ఉంటాయి.

కానీ నకిలీ రాయి అని తీసిపారేయడానికి వీల్లేదు. సక్కారాలో జోసర్ అనే రాజు మెట్ల పిరమిడ్ కింది గదుల గోడలకి సుమారు 36,000 ఫయాన్స్ పలకలు తాపడం చేశారు. రెండో అమెన్‌హోతెప్ పేరున్న రాజదండం లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది, రెండు మీటర్లు దాటిన ఎత్తు, అదీ ఫయాన్సే. రాజుకి డబ్బు లేకనా? మెరుపు కావాలి.

ఎదురు ప్రశ్న
అందరూ కథల్లో పడి అసలు సంగతి వదిలేశారు. నిజమా, నకలా? చినుకు గారూ, బొమ్మ ఎక్కడైనా పగిలిందా?

సారె
ఆ ప్రశ్న నేనే అడగబోతున్నా. పగిలిన చోట ఫోటో కావాలి. గాజుపూత కాదు, లోపలి గుజ్జు చూడాలి.

చీమకుర్తి చినుకు
కుడిపాదం కొనలో చిన్న పెచ్చు ఊడింది. మా పెద్దమామయ్య పాకే వయసులో గోడకేసి కొట్టాడట, అమ్మ ఇప్పటికీ ఆయన్ని దెప్పుతుంది. లెన్సు పెట్టి చూశాను. లోపల ఎరుపు లేదు. తెల్లగా, ఉప్పుకల్లులా, కాస్త గరుకుగా ఉంది. ఫోటో ఇదుగో.

సారె
ఎర్రమట్టికి పూత పూసింది కాదు, అదొకటి తేలింది. పలుగురాయి గుజ్జే అనిపిస్తోంది. బజార్లో దొరికే నాసిరకం నకళ్లు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి.

ఎదురు ప్రశ్న
నాసిరకంవి దొరికిపోతాయి. మంచి దొంగ మంచి గుజ్జు వాడతాడు. మీరు వారం రోజుల్లో నేర్చుకున్నది, తరతరాలుగా అదే పని మీద ఉన్న లక్సర్ వాళ్లు నేర్చుకోరా?

బెజ్జం సంగతి చూద్దామంటే, తాడు ఒరిపిడికి అంచులు అరిగాయని ఫోటోలో తెలుస్తోంది. కానీ ఆ అరుగుదల ఎవరిది? 2,500 ఏళ్ల కిందటి నారతాడుదా, చీమకుర్తి మొలతాళ్లదా? నలుగురు పిల్లలు కట్టుకుని దొర్లిన వస్తువు. చినుకు గారూ, మీ కుటుంబమే సాక్ష్యం చెరిపేసింది, క్షమించాలి!

చీమకుర్తి చినుకు
😄 మామయ్యకి చెబుతాను, ఈసారి కేసు పెద్దది అని.

లోయర్ బెర్త్
ఎదురు ప్రశ్న గారి మాట కాదనలేను గానీ రెండో వైపు కూడా చూడాలి. ఆ రోజుల్లో నిజమైనవి కొనడానికి దొంగచాటు అవసరం లేదు. కైరోలోని ఈజిప్షియన్ మ్యూజియంలోనే అమ్మకాల గది ఉండేది, 1979 దాకా నడిచింది. లైసెన్సున్న దుకాణాలు వేరే. 1983లో 117వ నంబరు చట్టం వచ్చాకే ఈ వ్యాపారం పూర్తిగా బంద్ అయింది. తవ్వకాల్లో ఇలాంటి చిన్న తాయెత్తులు గంపలకొద్దీ వచ్చేవి. సిపాయి జీతంతో కూడా ఒకటి కొనే వీలుంది.

నిర్వాహకుడు
ఇక్కడ నేను కల్పించుకోవాలి. ప్రైవేటు సందేశాల్లో ఒకరిద్దరు “అమ్ముతారా, రేటెంత” అని అడిగినట్టు తెలిసింది. ఈ వేదికలో పాతవస్తువుల కొనుగోళ్లు, ధరలు కట్టడాలు లేవు. విదేశాల్లో ఉన్నవాళ్లకి పంపి పరీక్ష చేయించాలనే ఆలోచన ఉంటే మానుకోండి. నూరేళ్లు దాటిన పురావస్తువుని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి 1972 నాటి చట్టం ఒప్పుకోదు. నిజంగా తేల్చుకోవాలంటే బొమ్మతో సహా పురావస్తు శాఖ దగ్గరికో, మ్యూజియం దగ్గరికో వెళ్లండి. ఫోటోలు చూసి తేల్చేవాడు ఎవరూ లేరు, ఇక్కడ మరీనూ.

కరీంనగరోడు
హైదరాబాద్ పోతే పబ్లిక్ గార్డెన్స్‌ల మ్యూజియం జూడుర్రి. ఆడ ఈజిప్టు మమ్మీ ఉన్నది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920ల కొనుక్కొచ్చి ఏడో నిజాంకు ఇచ్చిండట, ఆయన 1930ల మ్యూజియంకు ఇచ్చిండు. నేను బడిల ఉన్నప్పుడు చూసిన. రాత్రి నిద్రపట్టలే, మా నాయనమ్మ నిమ్మకాయ దిష్టి తీసింది. మమ్మీ మీద గూడ గీ తాయెత్తులు ఉంటయా?

పాత లెక్చరర్
హైదరాబాద్ మమ్మీ సంగతి వేరు, దాని మీద నేను మాట్లాడను. మామూలుగా అయితే ఉండేవి, ఒకటీ రెండూ కాదు. టుటన్‌ఖామున్ అనే కుర్ర ఫరో మమ్మీ కట్ల మధ్య నగలు, తాయెత్తులు కలిపి 143 బయటపడ్డాయి.

ఈ మధ్యది ఇంకా బాగుంటుంది. 1916లో ఎద్‌ఫూ దగ్గర దొరికిన ఒక కుర్రాడి మమ్మీని కైరో మ్యూజియం నేలమాళిగలో పెట్టి వదిలేశారు. కట్లు విప్పకుండా సీటీ స్కాన్ తీసి, ఆ ఫలితాలు 2023లో ప్రచురించారు. లోపల 49 తాయెత్తులు, 21 రకాలు, మూడు వరసల్లో పేర్చి ఉన్నాయి. కొన్ని బంగారం, కొన్ని రాళ్లు, కొన్ని ఫయాన్స్. గుండె దగ్గర బంగారు పేడపురుగు.

బతికున్నవాళ్లు కట్టుకునేవి, శవానికి పెట్టేవి రెండూ తాయెత్తులే. చినుకు గారిది మొదటి రకమై ఉంటే ముచ్చటగా ఉంటుంది. రెండో రకమైతే అమ్మగారికి చెప్పకండి.

చీమకుర్తి చినుకు
మాస్టారూ! ఇది చదివాక నేనే మూడురోజులు పెట్టె తెరవలేదు.

ఎదురు ప్రశ్న
బంగారు పేడపురుగా? పేడ దొర్లించే పురుగుకి అంత మర్యాదా?

లోయర్ బెర్త్
పేడపురుగుదే పెద్దపీటండీ. ఉండ చేసి దొర్లించుకుపోవడం చూసి, పొద్దున్నే సూర్యుణ్ణి ఇలాగే ఎవరో దొర్లిస్తున్నారనుకున్నారు. ఆ దేవుడి పేరు ఖెప్రి. పైగా భూమిలో పాతిన ఉండలోంచి కొత్త పురుగులు పుట్టుకొస్తాయి. తనంత తాను పుట్టడం అన్నమాట. గుండె మీద పెట్టే పెద్ద పేడపురుగు పని ఇంకొకటి: పరలోకంలో గుండెని త్రాసులో తూచేటప్పుడు, ఆ గుండె యజమాని మీద ఎదురు సాక్ష్యం చెప్పకుండా ఆపాలి. “నాకు ఎదురు నిలబడకు” అని దాని అడుగున మంత్రం చెక్కేవారు. మన చిత్రగుప్తుడి చిట్టాకి ఇలాంటి ఉపాయం ఎవరికీ తట్టలేదు చూడండి.

పాత లెక్చరర్
అయితే ఒక సవరణ. చిన్న పేడపురుగు ముద్రల్లో చాలా భాగం ఫయాన్స్ కాదు. మెత్తటి బలపపురాయి చెక్కి పైన గాజుపూత వేసినవి. మూడో అమెన్‌హోతెప్ అనే రాజు తన సింహాల వేట గురించి గొప్పలు చెక్కించి పంచిన పేడపురుగులు కూడా ఆ రాయే. మొదటి పదేళ్లలో తన బాణాలకి నూటికి పైగా సింహాలు పడ్డాయని అందులో రాయించుకున్నాడు.

హడ్సన్ ఒడ్డున
మిగతా జంతువుల గురించి కూడా రాద్దామనిపిస్తోంది. నాకు నచ్చినవి మాత్రమే, వరస లేదు.

పిల్లి అందరికీ తెలుసు. డెల్టాలో బుబాస్తిస్ ఊరి దేవత బాస్తెత్‌ది. అక్కడి జాతరకి జనం పడవల్లో పాడుకుంటూ తాగుకుంటూ వచ్చేవారని గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ రాశాడు. పిల్లికూనలతో ఉన్న తల్లిపిల్లి తాయెత్తులున్నాయి. ఎంతమంది పిల్లలు కావాలో అన్ని కూనలు అని కొందరంటారు.

కప్పకి హెకెత్ దేవత. అదీ పురుడుకే. నైలు వరద తీశాక బురదలో కప్పలు లెక్కలేకుండా పుట్టుకొస్తాయి, అందుకేనేమో లక్షని రాయాలంటే వాళ్లు తోకకప్ప బొమ్మ గీసేవారు.

పందిపిల్లలకి పాలిస్తున్న ఆడపంది మరీ వింత. అది ఆకాశదేవత నూత్. తెల్లవారేసరికి చుక్కలన్నిటినీ మింగేసి, మళ్లీ రాత్రికి కంటుంది. పిల్లల్ని మింగే పంది, పిల్లల్ని కనే పంది, రెండూ ఆకాశమే.

చేప తాయెత్తులు పిల్లల జడ కొసకి కట్టేవారు, నీళ్లలో మునిగిపోకుండా. దాని మీద ఒక కథ ఉంది: స్నెఫ్రు రాజు ముందు పడవ నడుపుతున్న అమ్మాయి ఫిరోజా చేప నీళ్లలో పడిపోతుంది. వేరేది ఇస్తానంటే ఒప్పుకోదు, నాదే నాకు కావాలంటుంది. చివరికి మాంత్రికుణ్ణి పిలిపిస్తే, చెరువు నీళ్లని దుప్పటి మడతపెట్టినట్టు సగం మీద సగం పేర్చి, కింద పడున్న చేపని తీసిస్తాడు. పపైరస్ మీద రాసిన కథ ఇది. రాజుగారి కంటే ఆ అమ్మాయి పంతమే నాకు నచ్చింది.

ఈగ కూడా ఉంది! తోలినా మళ్లీ వచ్చి వాలుతుంది కదా, వెనక్కి తగ్గని సైనికుడికి బంగారు ఈగ బహుమానం. రాణి అహ్‌హోతెప్ సమాధిలో మూడు పెద్ద బంగారు ఈగలు దొరికాయి. చినుకు గారి తాతయ్యకి అసలు అది ఇవ్వాలి.

ముళ్లపంది సంగతి తర్వాత చెబుతా, అమ్మాయి స్కూలు బస్సు వచ్చింది.

సారె
మన దగ్గర ఫయాన్స్ లేదనుకోకండి. సింధు నాగరికతలో దీనితో గాజులు, పూసలు, చిన్నచిన్న జంతువులు చేశారు. మొహెంజొదారోలో దొరికిన ఉడుత బొమ్మ చూశారా? తోక వీపు మీదకి మడిచి, ముందుకాళ్లతో ఏదో కొరుక్కుతింటూ కూర్చుంటుంది. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారన్న గొడవలోకి నేను దిగను. అంతమంది దేవతల్లో వాళ్లకి ఉడుత లేదు, మనకి ఉంది. అది చాలు నాకు.

ఎదురు ప్రశ్న
సారె గారూ, సూటిగా ఒక మాట. మీ చేతిలో పెడితే ఏమంటారు?

సారె
గుజ్జు సరైనదే, అచ్చు మంచిదే, అన్నివైపులా పనితనం ఉంది. పాతదని నా చెయ్యి అంటుంది. నా చెయ్యి ఇంతకుముందు కూడా మోసపోయింది.

చీమకుర్తి చినుకు
అందరికీ దణ్ణాలు. రెండు వారాలుగా పొద్దున లేవగానే ఇదే చదువుతున్నాను. మామయ్యలతో మాట్లాడాను. ఇల్లు పూర్తయ్యాక మ్యూజియంకి తీసుకెళ్లి చూపిద్దామన్నారు. పాతదని తేలితే ఏం చేయాలో అప్పుడే గొడవ మొదలైంది, అది వేరే కథ.

ఈలోగా ఒక చిక్కు. మా చెల్లెలికి తొమ్మిదో నెల. అమ్మ నిన్న బజారుకెళ్లి కొత్త నల్లతాడు, రెండు దిష్టిపూసలు తెచ్చుకుంది. నేను “అమ్మా, అది మూడువేల ఏళ్లదేమో” అంటే, “అయితే ఇంకా మంచిది” అంటోంది.

సారె
బిడ్డ ఒంటికి మాత్రం కట్టొద్దని చెప్పండి. పెచ్చు ఊడిన బొమ్మ, ఇంకో ముక్క రాలితే నోట్లో పెట్టుకుంటుంది. ఉయ్యాలకి అందనంత ఎత్తులో గోడకి తగిలించుకోమనండి. కడగాలని అసలు అనుకోవద్దు. కుంకుడురసం, చింతపండు, సబ్బు ఏదీ తగలకూడదు. లోపల ఉప్పు ఉంటే నీళ్లు తగిలి మళ్లీ చౌడు పొంగుతుంది, పూత లేచిపోతుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు.

లోయర్ బెర్త్
తల్లీబిడ్డ క్షేమంగా ఉండాలి. పుట్టాక ఒక మాట రాయండి ఇక్కడ.

కరీంనగరోడు
అన్నా, హడ్సనన్నా, బిడ్డ బస్సు వచ్చి పదిరోజులాయె. ముళ్లపంది ముచ్చట ఏమాయె?

హడ్సన్ ఒడ్డున
మర్చిపోయాను తమ్ముడూ! మన ఏదుపంది కాదు, గుప్పెట్లో పట్టేంత చిన్నది, భయమేస్తే ముళ్ల ఉండలా చుట్టుకుంటుంది. తిండి దొరకని రోజుల్లో బొరియలో పడి నిద్రపోయి, మంచిరోజులొచ్చాక లేచొస్తుంది. అందుకే చచ్చి మళ్లీ పుట్టడానికి గుర్తుగా చేసుకున్నారని అంటారు. మ్యూజియం అద్దాల వెనక ఒకటి చూశాను, బఠాణీ గింజ కంటే కాస్త పెద్దది. అంత చిన్నదానికీ ముళ్లు ఒక్కొక్కటే గీత పెట్టి గీశాడు.